అర బ్లేడు

ఆ పొద్దున ఈలమ్మ బండి వీధిలో పదకొండు కొట్ల ముందు ఆగింది. పన్నెండోదాని ముందు ఆగకుండా పోయింది. ఆ పన్నెండోది కత్తెర బాబాయి కటింగ్ షాపు.

బాబాయి అప్పటికే రెండు బకెట్లూ మెట్టు మీద పెట్టి, దువ్వెన చెవి మీద దోపుకుని, చుట్టాలకి ఎదురొచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు. బండి ఆయన ముందునుంచే కిర్రుమంటూ వెళ్లి మలుపు తిరిగింది. ఏదో ధ్యాసలో మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. ఆ సంగతే కుర్చీలో కూర్చున్న మొదటి బేరానికి చెప్పాడు. రెండో బేరానికీ చెప్పాడు. మధ్యాహ్నానికల్లా మతిమరుపు ఎందుకొస్తుంది, ఏ వయసులో వస్తుంది, ఎలా పోతుంది అనేదాకా సాగింది కథ.

ఈలమ్మ అంటే ఆ వీధిలో చెత్త ఎత్తే మనిషి. తోపుడు బండి మీద రెండు పెద్ద డ్రమ్ములు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. మెడలో దారానికి కట్టిన ఈల. పొడుగ్గా ఒక్కసారి ఊదిందంటే తడి చెత్త తెమ్మని, పొట్టిగా రెండుసార్లు ఊదిందంటే పొడి చెత్త తెమ్మని. నోటితో ఆమె చెప్పేది అంతకంటే తక్కువ.

బాబాయి సంగతి వేరు. జుట్టు అందకపోయినా ఆయన కత్తెర గాలిలో ఆడుతూనే ఉంటుంది. వినేవాళ్లు లేకపోయినా నోరు ఆడుతూనే ఉంటుంది. రెంటికీ కలిపి వీధి పెట్టిన పేరు కత్తెర బాబాయి.

మర్నాడు బండి రాగానే ఆయన మెట్టు దిగి ఎదురెళ్లాడు.

"అమ్మాయ్, నిన్న మాది మర్చిపోయావు."

"మర్చిపోలేదన్నా."

"మరి?"

ఆమె ఈల నోట్లో పెట్టుకుని పొట్టిగా రెండుసార్లు ఊది, పక్క కొట్టు ముందుకి బండి తోసుకుపోయింది. కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ల మొదళ్ల దాకా గుడ్డ చుట్టి ఉంది. మోచేత్తో బండి నెడుతోంది. బాబాయి కళ్లు దాన్ని చూశాయి గానీ బుర్ర దాకా చేర్చలేదు. బుర్రలో అప్పుడు ఖాళీ లేదు, నిండా తన బకెట్లే.

ఆయనకి కోపం రావడంలో న్యాయం ఉంది. ఆరు నెలల కిందట తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని మున్సిపల్ ఆఫీసువాళ్లు కాగితాలు అంటించి వెళ్లినప్పుడు, వీధి మొత్తం మీద మొదట రెండు బకెట్లు కొన్నది ఆయనే. ఆ కాగితాన్ని వీధి నడిమధ్య నిలబడి, ఒక్క అక్షరం మింగకుండా పైకి చదివి వినిపించింది కూడా ఆయనే. "ఏ కొట్టు చెత్త అయితే వరుసగా ఏడు రోజులు ఎత్తబడదో, ఎనిమిదో రోజున ఆ కొట్టుకి తాళం వేయబడును" అన్న చోట ఆగి, అందరి మొహాలూ కలియజూసి, "విన్నారుగా" అన్నాడు. ఆనాటి నుంచీ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ తడి, పొడి పాఠం చెబుతూనే ఉన్నాడు. గొంతు మీద కత్తి ఆనించి చెప్పే పాఠానికి ఎదురు ప్రశ్న వేసేవాడెవడు? అందరూ ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి తాను చెప్పేది ఒప్పే అని బాబాయికీ గట్టి నమ్మకం కుదిరింది.

ఆయన పద్ధతి చాలా పట్టింపుగా ఉండేది. నీళ్లు చల్లి కత్తిరించిన జుట్టు తడి చెత్త, ఆకుపచ్చ బకెట్టు. నీళ్లు వద్దన్నవాడి జుట్టు పొడి చెత్త, నీలం బకెట్టు. ఒకే తలలో ముందు పొడిగా కత్తిరించి తర్వాత నీళ్లు చల్లాల్సివస్తే, మధ్యలో ఆగి, నేల ఊడ్చి, ఆ తర్వాతే చల్లేవాడు. సగం తలతో కూర్చున్నవాడు అద్దంలో తనను తాను చూసుకుంటూ ఓపిక పట్టేవాడు.

గడ్డాల దగ్గరా అంతే. పాత పేపరు అరచేయంత ముక్కలుగా కోసి మేకుకి గుచ్చి ఉంచుతాడు. మడత కత్తి మీద పేరుకున్న నురగని ఆ ముక్కకి తుడుస్తాడు. బ్లేడుని కొత్తగా విప్పినప్పుడే, పైనున్న కాగితం తీయకుండా నిలువునా ఫట్‌మని రెండుగా విరుస్తాడు. ఒక మనిషికి ఒక సగం. గడ్డం అయ్యాక ఆ సగాన్ని ఆఖరి నురగ కాగితంలోనే మడిచి బకెట్లో వేస్తాడు. ఏ బకెట్లో? నురగ తడి. నురగ తుడిచిన కాగితం తడి. కాబట్టి ఆకుపచ్చ బకెట్టు. ఇందులో తప్పెక్కడుందో ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆయనకి తట్టలేదు.

మూడో రోజూ బండి ఆగలేదు. ఆ సాయంత్రం బాబాయి రెండు బకెట్లలోదీ ఓ గోనెలోకి దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లాడు. భార్య గుమ్మంలోనే అడ్డుపడింది.

"ఏమిటది?"

"షాపుది. రెండు రోజులు మన డబ్బాల్లో సర్దుదాం."

"ఎవరెవరివో వెంట్రుకలు నా వంటింట్లోకా? అక్కడే దించండి."

"ఎక్కువేం కాదే."

"మీ ఒక్కరి తలలో రాలేవి ఊడ్చుకోలేక చస్తున్నా. వీధి వీధంతా మోసుకొచ్చారా?" ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అవునూ, ఊరందరికీ పాఠాలు చెబుతున్నారుగా. మన ఇంట్లో డబ్బాలెన్ని?"

"రెండు."

"మూడు. మూడోది గాజు పెంకులకి, మందు సీసాలకి, పాడైన బల్బులకి. తొట్టి కింద ఆరు నెలలుగా ఉంది. మీరు తాగిన మందు సీసా కిటికీలో పెడతారు, నేను తీసి దాంట్లో వేస్తాను. అది నడుచుకుంటూ వెళ్లిందనుకున్నారా ఇన్నాళ్లూ?"

బాబాయి గోనెని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఆ అమ్మాయిని అడగండి, ఎందుకు ఎత్తడం లేదో."

"నేనెందుకు అడగాలి? ఎత్తడం ఆమె పని."

"అయితే గోనె మొయ్యడం మీ పని. వెళ్లిరండి" అని ఆవిడ తలుపు దగ్గరికి వేసింది.

నాలుగో రోజు పొద్దున్నే, ఇంకా ఏ షట్టరూ లేవకముందు, బాబాయి షాపుకి వచ్చాడు. గోనెలోంచి ఓ పొట్లం కట్టి, అటూ ఇటూ చూసి, దర్జీ మాస్టారి నీలం డబ్బాలో గుడ్డ పేలికల అడుగున దూర్చాడు. చేతులు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి అద్దం తుడుచుకోసాగాడు. ఆయన అంత నిశ్శబ్దంగా అద్దం తుడవడం ఎవరైనా చూసి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది.

తొమ్మిదింటికి మాస్టారు వచ్చాడు. మెడలో టేపు, మోచేతి మీద ఓ గుడ్డముక్క, కొత్త కోటు తొడిగించడానికి వచ్చినంత మర్యాదగా. గుడ్డ నిండా వెంట్రుకలు.

"బావా, ఇది ఎవరి తల?"

"నన్నడుగుతావేం? వీధిలో తలలకి కొదవా?"

"తలలకి లేదు. ఎర్రరంగు వేసుకునే తల మాత్రం ఒక్కటే, మందుల షాపు గుమాస్తాది. అది మొన్న సాయంత్రం నీ కుర్చీలోనే ఉంది. ఇదిగో, వేళ్ల దగ్గర తెలుపు, చివర ఎరుపు." మాస్టారు ఒక వెంట్రుకని దారంలా లాగి వెలుతురుకి పెట్టి చూపించాడు. "నా పేలికలు దిళ్లు కుట్టేవాళ్లు పట్టుకెళతారు. గుమాస్తా జుట్టు మీద తల పెట్టుకుని పడుకోవాలా జనం?"

"గాలికి ఎగిరొచ్చి ఉంటుంది."

"పొట్లం కట్టుకుని మరీ ఎగిరొచ్చిందా?"

బాబాయి కత్తెర గాలిలో రెండుసార్లు ఆడించాడు.

సిగ్గుపడి ఊరుకుంటే బాగుండేది. ఐదో రోజున పళ్లరసం పిన్ని తొక్కల డబ్బా మీద పడింది ఆయన కన్ను. దానిమ్మ తొక్కల కింద నల్లజుట్టు ఎవరికి కనబడుతుందని ఆయన లెక్క. పిన్ని గొంతు మాస్టారి గొంతులాంటిది కాదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేది.

"ఒరే అబ్బాయ్!" బాబాయికి యాభై దాటి నాలుగేళ్లయింది, అయినా పిన్నికి అబ్బాయే. "నా తొక్కల్లో నీ మీసాలేమిట్రా? ఈ తొక్కలు మేకల కోసం పట్టుకెళతారు. రేపు మేక దగ్గిందంటే నీ దగ్గరికే తోలుకొస్తా, కుర్చీలో కూర్చోబెట్టి గొంతులోంచి తీద్దువుగాని!"

వీధి వీధంతా బయటికొచ్చి నవ్వింది. అరటిపండు కోసం వచ్చినవాడు డబ్బులివ్వడం మర్చిపోయి నవ్వాడు. గడియారాల కొట్టాయన కంటికి పెట్టుకున్న అద్దం తీయకుండానే తల బయటపెట్టి నవ్వాడు. బాబాయి డబ్బాలోంచి పొట్లం ఏరి తీసుకుని, చంకలో పెట్టుకుని, తల వంచుకుని వెనక్కి నడిచాడు. ఇంకో రెండు రోజులైతే తాళం. ముప్ఫై ఏళ్లుగా ఎత్తుతున్న షట్టరు. రెండు కుర్చీల్లో ఒకదాని కాలిబల్ల విరిగి ఎన్నేళ్లయినా బాగుచేయించకపోవడం వేరు, షట్టరుకి బయటినుంచి ఇంకొకరి తాళం పడటం వేరు. అద్దంలో కనిపించే తన మొహాన్ని ఆయన ఆ మధ్యాహ్నం సరిగా చూడలేకపోయాడు.

భోజనాల వేళ దాటాక, బేరాలు పలచబడ్డాక, దర్జీ మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గడ్డం" అన్నాడు.

బాబాయి బ్లేడు ఫట్‌మని విరిచాడు. ఆ చప్పుడుకి మాస్టారు అద్దంలోంచి ఆయన్ని చూశాడు. నురగ రాయించుకున్నాడు. కత్తి చెంప దిగి గడ్డం కిందికి వచ్చాక, జాగ్రత్తగా, పెదాలు మాత్రమే కదిలిస్తూ అన్నాడు:

"ఈలమ్మ చెయ్యి చూశావా?"

"గుడ్డ కట్టుకుంది. ఏదో గీరుకుపోయి ఉంటుంది."

"గీరుకుపోవడం కాదు. బొటనవేలి మొదట్లో ఎముక దాకా తెగింది. వీధి చివర చెత్త ఏరే షెడ్డులో తడి చెత్త చేత్తో కలుపుతుంటే దిగిందట. ఏం తీశారో తెలుసా లోపల్నుంచి?"

బాబాయి కత్తి ఆగింది.

"అర బ్లేడు" అన్నాడు మాస్టారు.

"ఊళ్లో గడ్డాలు గీసుకునేవాళ్లు బోలెడుమంది."

"ఇంట్లో గీసుకునేవాడు నిండు బ్లేడు వాడతాడు బావా. నా దగ్గర సూదులుంటాయి. గడియారాలాయన దగ్గర స్ప్రింగులుంటాయి. పిన్ని దగ్గర నోరుంది. ఫట్‌మని సగానికి విరిచేది ఈ వీధిలో నువ్వొక్కడివే."

"నేను కాగితంలో చుట్టే వేస్తాను!"

"ఏ కాగితంలో?"

బాబాయి సమాధానం చెప్పబోయి, తన చేతిలో ఉన్న ముక్క వైపు చూశాడు. నురగ నాని, కాగితం అప్పటికే ముద్దయి, వేలి ముద్ర అవతలికి తేలుతోంది.

"ముందు గడ్డం పూర్తి చెయ్యి" అన్నాడు మాస్టారు. "సగంలో ఆపితే నేను బయటికెలా వెళ్లేది?"

పూర్తి చేశాడు. పని ఎప్పటికంటే ఆలస్యమైంది. మాస్టారు లేచి మొహం తుడుచుకుని, మూలనున్న ఆకుపచ్చ బకెట్టు వైపు చూపించాడు.

"ఒక్క పని చెయ్యి. దాంట్లో చెయ్యి పెట్టి, అడుగు దాకా కలుపు."

"ఎందుకూ?"

"ఊరికే."

బాబాయి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బకెట్టు ముందు గొంతుకూర్చున్నాడు. పైన తడిజుట్టు, దాని సందుల్లో తెల్లగా ఉబ్బిన నురగ కాగితాలు. చెయ్యి జుట్టుకి జానెడు ఎత్తులో నిలిచిపోయింది. ఇంకొంచెం దించాడు. మళ్లీ ఆగింది. బ్లేడుతోనే బతికిన చెయ్యి కాబట్టి దానికి బాగా తెలుసు, లోపల ఏముందో.

"ఆమె రోజూ పెడుతుంది" అన్నాడు మాస్టారు, మడిచిన తుండు కుర్చీ మీద వేస్తూ. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "ఆఫీసులో ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి రోజే పడేది నీకు తాళం. చెప్పలేదు. ఎత్తడం మానేసిందంతే" అన్నాడు.

బాబాయి షట్టరు సగానికి దించాడు. నేల మీద నాలుగు పేపర్లు పరిచి గోనెలోదీ బకెట్లలోదీ అంతా దాని మీద పోశాడు. దువ్వెనతో జుట్టు పాయలు పాయలుగా తీస్తూ, పట్టకారుతో కాగితాలు ఒక్కొక్కటే విప్పాడు. ప్రతి రెండో మూడో కాగితంలో ఒక సగం మెరిసింది. కొన్ని కాగితం చీల్చుకుని ఎప్పుడో బయటపడి, జుట్టులో కలిసిపోయి ఉన్నాయి. వాటిని చూపుతో పట్టుకోవడం కుదరలేదు, దువ్వెన పళ్లకి తగిలిన చప్పుడుతో పట్టుకున్నాడు. మొత్తం నలభై ఒకటి తేలాయి. ఐదు రోజుల్లో నలభై ఒకటంటే ఆరు నెలల్లో ఎన్నో ఆయన లెక్క వెయ్యలేదు. వెయ్యాలంటే భయమేసింది.

నలభై రెండోది చూపుడువేలికి దిగింది. పటిక రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఎందరి గడ్డాలకో రాసి "ఏం కాదు, ఏం కాదు" అన్న పటిక అది. అంత మండుతుందని ఎవరూ ఆయనకి చెప్పలేదు. చెప్పడానికి ఆయన ఎవరికీ సందివ్వలేదు.

ఇంట్లో భార్య అన్నం పెడుతూ వేలు చూసింది.

"ఏమైంది?"

"బ్లేడు."

"ఎవరిది?"

"నాదే. ఆ అమ్మాయి చేతిలో దిగింది కూడా నాదే."

భార్య నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపింది. "నాకు చెబితే ఆ అమ్మాయి గాయం మానుతుందా? చెప్పాల్సిన మనిషికి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం కాస్త తక్కువ మాట్లాడండి."

ఆరో రోజు పది గంటలకే షాపు మూసి షెడ్డుకి బయలుదేరాడు. చేతిలో పౌడరు డబ్బా. దాని మూత చుట్టూ టేపు వేసి బిగించి, పైన బ్లేడు మాత్రం దూరేటంత సన్నటి చీలిక కోశాడు. నలభై రెండూ దాంట్లో ఉన్నాయి, నడుస్తుంటే గలగలమంటున్నాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాడు.

షెడ్డు అంటే నాలుగు ఇనప స్తంభాల మీద రేకుల కప్పు. నడుమ పొడవాటి బల్ల. బల్లకి ఒకపక్క ఈలమ్మ, రెండోపక్క ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. వీధిలో తడి అని ఇచ్చింది ఒక కుప్ప, పొడి అని ఇచ్చింది ఒక కుప్ప. తడి కుప్పలోంచి చెంచాలు, సంచులు, పిల్లల బొమ్మ చెయ్యి ఒకటి బయటికొస్తున్నాయి. పొడి కుప్పలోంచి ఎవరో తినకుండా పారేసిన అన్నం. ముగ్గురి చేతులకీ తొడుగులున్నాయి. తొడుగులకి వేళ్ల చివర్లు లేవు, ఎప్పుడో అరిగిపోయాయి. ఈలమ్మ ఎడమచేత్తో ఏరుతోంది. గుడ్డ కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది, ఎవరో తనకి చూస్తుండమని ఇచ్చి వెళ్లిన చంటిదాన్ని పెట్టుకున్నట్టు.

ఆమె తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, సంగతేమిటంటే, నురగ అనేది తడి. అవునా? తడిని తడిలో వెయ్యమన్నారు. అవునా? నేను కాగితంలో చుట్టకుండా ఎప్పుడూ వెయ్యలేదు. అయితే ఈ పేపరువాళ్లు ఈమధ్య కాగితం పలచగా వేస్తున్నారు. ఇదివరకటి కాగితమైతే ఎంత నానినా..."

ఈలమ్మ ఓ సీసా మూత తీసి అటుపక్క గంపలోకి విసిరింది.

"అదీగాక, బ్లేడు సగమే కాబట్టి సులువుగా జారుతుంది. నిండుదైతే కనబడేది. సగానికి ఎందుకు విరుస్తానంటే, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు కదా, అది శుభ్రం కోసం..."

పక్కనున్న ఇద్దరిలో ఒకామె కిసుక్కున నవ్వి, తొడుగు చేత్తో నోరు మూసుకోబోయి, దాన్ని చూసి మానుకుంది.

బాబాయికి వల్లె వేసుకున్న మాటల్లో ఇంకా సగం మిగిలే ఉన్నాయి. అవి నోటిదాకా వచ్చి, ఒళ్లో ఉన్న ఆ చెయ్యిని చూసి అక్కడే నిలిచిపోయాయి.

"తప్పు నాదమ్మా" అన్నాడు.

"అది చెప్పడానికి ఇంతసేపా అన్నా?" అంది ఈలమ్మ. కాలితో ఓ బల్లపీట ఆయన వైపు జరిపింది. "కూర్చో. అది పొడి కుప్ప. ఏరు."

కూర్చుని ఏరాడు. మొదట వాసనకి ముక్కు ముడిచాడు, తర్వాత ముక్కు సంగతి మర్చిపోయాడు. సన్నటివి, చిక్కుపడ్డవి విడదీయడం ఆయన చేతులకి పుట్టుకతో వచ్చినట్టు వచ్చు. ప్లాస్టిక్ దారంలో చుట్టుకుపోయిన పాత ఛార్జరు తీగని ఆయన చిక్కు తీసిన తీరు చూసి, ఆ ఇద్దరూ పని ఆపి చూశారు.

"పని వచ్చే నీకు" అంది ఈలమ్మ. ఆమె నోట అది పెద్ద ఉపన్యాసమే.

బాబాయికి ధైర్యం వచ్చింది. "మరి జుట్టు ఎందులో వెయ్యాలమ్మా? నీళ్లు చల్లింది తడిలో, చల్లనిది పొడిలో వేస్తున్నా."

ముగ్గురూ చేతులు ఆపేశారు. ఈలమ్మ అప్పుడు నవ్వింది. నవ్వుకి కుడిచెయ్యి అదిరి, "అబ్బా" అని మొహం చిట్లించి, మళ్లీ నవ్వింది.

"అందుకా ఆర్నెల్లుగా రెండు డ్రమ్ముల్లోనూ జుట్టే! ఎవరో పిచ్చివాడనుకున్నాం."

"పిచ్చివాడు కాదు, నేనే."

"జుట్టు విడిగా గోనెలో పెట్టన్నా. ఎందులోనూ వద్దు. మా తమ్ముడి పొలం కొండ పక్కనుంది. అడవిపందులు దుంపలు తవ్విపోతున్నాయి. గట్టు చుట్టూ జుట్టు చల్లితే రావు."

"ఎందుకు రావు? పౌడరు వాసనకా?"

"మనిషి వాసనకి."

బాబాయి ఆలోచనలో పడ్డాడు. మందుల షాపు గుమాస్తా జుట్టుకి పందులు భయపడతాయన్న మాట, రేపు గుమాస్తాకి చెప్పాలా వద్దా అని.

లేచేటప్పుడు పౌడరు డబ్బా బల్ల మీద పెట్టాడు. ఈలమ్మ దాన్ని చెవి దగ్గర ఆడించి విని, పక్కన గాజు పెంకుల గంపలో పెట్టింది. రేపు చెత్త ఎత్తుతాననీ అనలేదు, ఎత్తననీ అనలేదు.

ఏడో రోజు పొద్దున బాబాయి అందరికంటే ముందొచ్చాడు. ఆకుపచ్చ బకెట్టు, నీలం బకెట్టు, మూతి కట్టిన జుట్టు గోనె, కొత్త పౌడరు డబ్బా వరుసగా మెట్టు మీద పెట్టాడు. మాస్టారు టేపు మెడలో వేసుకుని తన గుమ్మంలోకి వచ్చాడు. పిన్ని రసం తీసే యంత్రం ఆపేసింది, వినడానికి అడ్డం కాకుండా. గడియారాలాయన కంటి అద్దం తీసి జేబులో వేసుకున్నాడు. వీధిలో ఎవరికీ ఏమీ పని లేనట్టు, ఎవరూ బాబాయి వైపు చూడనట్టు నిలబడ్డారు.

బండి పదకొండు కొట్ల దగ్గర ఆగుతూ వచ్చింది. పన్నెండోదాని ముందుకొచ్చింది.

ఆగింది.

ఈలమ్మ ఎడమచేతి తొడుగు పళ్లతో పట్టి లాగేసి బండి మీద పెట్టింది. ఖాళీ చెయ్యి ఆకుపచ్చ బకెట్లో మోచేతి దాకా దించింది. అడుగుదాకా కలిపింది. ఓ నురగ కాగితం పైకి తీసి విప్పింది. ఏమీ లేదు. మళ్లీ చెయ్యి పెట్టింది. ఇంకోటి తీసింది. దాన్నీ విప్పింది.

ఒక్కొక్కటీ బాబాయి తానే మూడేసిసార్లు విప్పి చూశాడు, ఏమీ లేదని తెలుసు. అయినా, ఏమో. నిన్న సాయంత్రం ఆ ఆఖరి బేరం, కబుర్లలో పడి ఏమన్నా... ఇన్నేళ్లూ తన కుర్చీలో తల వెనక్కి వాల్చి, గొంతు అప్పగించి, కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లకి ఎలా ఉండేదో ఆయనకి అప్పుడు అర్థమైంది.

మూడోది తీసింది. విప్పింది. చేత్తోనే ముద్దచేసి మళ్లీ బకెట్లో వేసింది.

"సబ్బు కాగితం తడిలో వద్దన్నా. ఎరువు పాడవుతుంది. రేపటి నుంచి ఎండబెట్టి నీలంలో వెయ్యి."

"నురగ తడి కదమ్మా..." అని ఆయన నోరు దానంతట అదే మొదలుపెట్టింది.

"ఒరే అబ్బాయ్!" అని అటునుంచి పిన్ని గద్దించింది.

"ఎండబెడతా" అన్నాడు బాబాయి.

ఈలమ్మ ఒంటిచేత్తో బకెట్టు ఎత్తబోయింది. వారం రోజుల తడి కాగితాలతో నిండిన బకెట్టు, లేవలేదు. బాబాయి రెండంగల్లో మెట్టు దిగి, దాన్ని అందుకుని డ్రమ్ములోకి వంచాడు. నీలం కూడా వంచాడు. గోనె బండి కొక్కేనికి తగిలించాడు. అప్పుడు చూశాడు, బండి పిడి మీద ఆమె మోచెయ్యి ఆనే చోట గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మాసి నల్లబడింది.

"ఇవతలికి రామ్మా" అన్నాడు.

ఆమె పిడి వదిలి పక్కకి జరిగింది.

షాపులో మొదటి బేరం అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "బాబాయ్, మరి నేనో?" అని కేకేశాడు.

"పేపరు చదువుతుండు!" అని బాబాయి బండి తోశాడు. అది చూడటానికే తేలిక. ఒక చక్రం ఎడమకి లాగుతుంది, ఇంకోటి అసలు తిరగనంటుంది. గుంత దగ్గర బండి ఆగిపోతే నడుంతో ఎత్తి దాటించాలి. ఇదంతా ఆమె ఇన్నాళ్లూ ఒక్క మోచేత్తో చేసింది. మలుపు దాటి పక్కవీధి మొదట్లోకి వచ్చేసరికి ఆయనకి చెమటలు పట్టాయి, చెప్పాల్సిన మాటలు బోలెడు పోగయ్యాయి. చక్రం గురించి, గుంత గురించి, పక్కవీధివాళ్లు డబ్బాలు పెట్టే తీరు గురించి.

ఆయన నోరు తెరవడం పక్కనుంచే కనిపెట్టింది ఈలమ్మ.

"నా చెయ్యి మానేదాకా రోజూ రావాలన్నా నువ్వు. మాట్లాడకుండా తొయ్యాలి."

"అలాగేనమ్మా" అని బాబాయి తల ఊపి, పెదాలు బిగించి తోశాడు.

మూడో ఇంటిదాకా నిలబెట్టుకున్నాడు మాట.